ఇంటికెళ్ళిపోయారు

చిన్నప్ప గునపం ఎత్తి దించుతున్నాడు. పైనున్న ఎర్రమన్ను మెత్తగానే వచ్చింది. నడుము లోతు దాటాక గులకరాళ్ళ పొర తగిలింది. మొన రాయికి తగిలినప్పుడల్లా ఆ అదురు మోచేతుల్లోంచి భుజాల్లోకి, అక్కణ్ణుంచి పళ్ళలోకి పాకుతోంది. కాసేపు పొడవడం, పారతో తట్టలోకి ఎత్తడం, తట్టని గట్టు మీదికి గుమ్మరించడం. పెళ్ళి కాక ముందు నుంచీ చేస్తున్న పని. చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. ఇవాళ ఆ చేతులు మాటిమాటికీ ఆగి నడుము దగ్గరున్న తువ్వాలుని తడుముతున్నాయి. తువ్వాలు మడతలో, చెమట తగలకుండా పాల ప్యాకెట్ కవరులో చుట్టిన ఫోను ఉంది.

భార్య జోజమ్మ విజయవాడలో ఆసుపత్రిలో ఉంది. ఇవాళ ఆమె గుండెకి ఆపరేషన్. కూతురు లేయా దగ్గరుంది. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, బస్సుకని గుమ్మం దిగుతుండగా చర్చి సెక్రటరీ ప్రవీణ్ ఫోన్ చేశాడు.

"చిన్నప్పా, చార్లెస్ మాస్టారు ఇంటికెళ్ళిపోయారయ్యా. వాళ్ళ మేనకోడలు ఇప్పుడే చెప్పింది. సుసన్నమ్మగారి పక్కన చోటు ఉంచారుగా, అక్కడ తియ్యాలి."

"ఇవాళేనా అండీ? జోజమ్మకి ఆపరేషనండి."

"తెలుసయ్యా. కానీ నువ్వు కాకపోతే ఇంకెవరున్నారు చెప్పు? జేసీబీ ఆ గేట్లో పట్టదాయె. తీసేసి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపో."

చిన్నప్ప చొక్కా విప్పి దండెం మీద వేశాడు.

ఇంట్లో మనిషి మంచాన ఉన్నప్పుడు గొయ్యి తియ్యకూడదు. అది అతని తండ్రి పెట్టిన కట్టడి. లేయా పుట్టినప్పుడు, జోజమ్మకి నొప్పులు వస్తున్నంతసేపూ, ఊళ్ళో ఎవరిదో పని పడితే తండ్రే ముసలి చేతులతో తవ్వాడు తప్ప చిన్నప్పని గునపం ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు తండ్రి లేడు.

వాళ్ళింట్లో దాన్ని 'పని' అనే అంటారు. 'పనొచ్చింది' అని చెప్పి వెళతాడు. తిరిగొచ్చాక వీధి కుళాయి దగ్గర తల మీంచి నీళ్ళు పోసుకునేదాకా జోజమ్మ గడప దాటనివ్వదు. చెంబు అందిస్తూ ఒకటే అడుగుతుంది: "పెద్దదా, చిన్నదా?" పెద్దదంటే సరే అని లోపలికెళ్ళి అన్నం వడ్డిస్తుంది. చిన్నదంటే ఆ పూట ఇక మాట్లాడదు. చనిపోవడమనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు. ఆ మాటకి చెవులున్నాయనీ, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందనీ చిన్నప్పకి నమ్మకం.

సమాధుల తోట ఊరి చివర ఉంది. దొరల కాలంలో కట్టిన ప్రహరీ. ముందువైపు మిషను దొరల రాళ్ళు, నాచుపట్టి నల్లబడ్డవి, కొన్ని పక్కకి ఒరిగినవి. వాటి వెనక ఊరివాళ్ళవి, సున్నం కొట్టినవీ, టైల్స్ వేసినవీ. గోడకి అవతల మామిడితోట. కాపు ముదిరింది. కోతలు మొదలయ్యాయి. కొమ్మలు గోడ మీంచి ఇవతలికి వంగి ఉన్నాయి. కోతుల్ని తరమడానికి కాపలావాళ్ళు ఉండుండి డబ్బా మోగిస్తున్నారు. ఏళ్ళ తరబడి వింటున్న చప్పుడే. ఇవాళ అది మోగినప్పుడల్లా చిన్నప్ప గునపం ఆపి, ఫోనేమోనని చెవి ఒగ్గుతున్నాడు.

లేయా ఇంకా ఫోన్ చెయ్యలేదు.

గొయ్యి అతని ఛాతీ దాకా వచ్చింది. వంగి అడుగు చదును చేస్తున్నాడు. పైనుంచి నీడ పడింది.

"కాస్త పొడుగ్గా తియ్యవయ్యా చిన్నప్పా. లేకపోతే కాళ్ళు ముడుచుకుని పడుకోవాలి నేను."

తలెత్తి చూశాడు. ఎండకి ఎదురుగా తెల్ల చొక్కా, చేతికర్ర, కళ్ళజోడు. చార్లెస్ మాస్టారు. చిన్నప్ప చేతిలోంచి పార జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. గోతిలో ఒక మూలకి ఒదిగి, తట్ట బోర్లించి తలమీద పెట్టుకున్నాడు.

"యేసయ్యా, యేసయ్యా, యేసయ్యా..."

"ఆయనెందుకు ఇప్పుడు? నేనే. ఇంకా చావలేదు. ఆ తట్ట తీసి పైకి రా."

"మాట అనకండి మాస్టారండీ! ఇవాళ ఆ మాట అనకండి!"

పైకి రావడానికి అతనికి చాలాసేపు పట్టింది. వచ్చాక కూడా మాస్టారికి బాగా దూరంగా నిలబడి, ఆయన నీడ నేలమీద పడుతోందో లేదో చూశాడు. పడుతోంది. మనిషి మాత్రం సగమయ్యాడు. చొక్కా వంకెకి తగిలించినట్టు భుజాల మీంచి వేలాడుతోంది. పాదాలు పొంగి చెప్పుల్లోంచి పైకి ఉబికి ఉన్నాయి. గేటు అవతల ఆయన్ని దింపిన ఆటో వెనక్కి తిరుగుతోంది.

"రాత్రి డిశ్చార్జి చేశారు," అన్నాడు మాస్టారు ఆయాసంతో. "నన్ను కారెక్కించి పంపి, మా మేనకోడలు మందులకీ బిల్లుకీ పొద్దుటిదాకా అక్కడే ఆగింది. పొద్దున్న ప్రవీణ్ ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగాడట. మావయ్య ఇంటికెళ్ళిపోయారు అన్నయ్యా అంది. వాడు ఏ ఇల్లు అని అడగలేదు. గ్రూపులో నా ఫొటోకి దండేసి పెట్టాడు. ఊరంతా ఏడుపు బొమ్మలు పంపారయ్యా. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఒక్కడూ ఫోన్ చెయ్యలేదు."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. తెలుగు మాస్టారుగా రిటైరైన మనిషి. చిన్నప్పకి అక్షరం రాదు గానీ లేయాకి చదువు చెప్పింది ఈయనే.

"మరి ఎండలో ఎందుకొచ్చారండీ?"

"తన గొయ్యి తను చూసుకునే అవకాశం ఎంతమందికి వస్తుంది? మేనకోడలికి చెప్పకుండా ఆటో ఎక్కాను."

చిన్నప్పకి అప్పుడు తట్టింది. మాస్టారు బతికే ఉన్నారు. మరి గొయ్యి?

ఫోన్ తీసి ప్రవీణ్‌కి కలిపాడు. అవతల ప్రవీణ్ గొంతులో సిగ్గు.

"అవునయ్యా, ఇప్పుడే తెలిసింది నాక్కూడా. పాస్టరుగారు తిట్టారు. సరేలే, పూడ్చేసి నువ్వు బస్సుకెళ్ళిపో."

"ఖాళీ గొయ్యి పూడ్చకూడదండి."

"మట్టేగా చిన్నప్పా!"

"తీసిన గొయ్యి ఊరుకోదండి. దానికి ఏదో ఒకటి ఇవ్వాలండి. మా నాన్న అరటి బోదె పెట్టించేవాడు, మనిషంత పొడుగుది. గుడ్డ చుట్టి పెట్టి పూడ్చాలండి."

"ఈ కాలంలో కూడా ఏంటయ్యా... సరే, ఎవరిదైనా దొడ్లో ఉందేమో అడిగి ఆటోలో పంపిస్తా. అందాకా ఉండు."

ఉండక తప్పదు. తెరిచిన గొయ్యిని ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు, అది ఇంకో కట్టడి. బోదె వచ్చేసరికి విజయవాడ బస్సు వెళ్ళిపోతుంది. ఒకసారి ఎప్పుడో ఇలాగే పొరపాటున తీసిన గొయ్యిని ఉత్తిమట్టితో పూడ్చేశారని తండ్రి చెప్పేవాడు. ఎవరి కోసం తవ్వారో చెప్పేవాడు. ఆ తర్వాత ఎవరు పోయారో మాత్రం ఎన్నిసార్లడిగినా చెప్పలేదు. చిన్నప్పకి తల్లి మొహం గుర్తులేదు.

"జోజమ్మకి ఎలా ఉంది?" అనడిగాడు మాస్టారు.

"పొద్దెక్కాక లోపలికి తీసుకెళతామన్నారంటండి. తీసుకెళ్ళారో లేదో తెలీదండి." అతని చూపు గోతి మీదే ఉంది. "ఇవాళ నేను గునపం ముట్టుకోకుండా ఉండాల్సిందండి. ఈ గొయ్యి ఇప్పుడు మా ఇంటిదాన్ని అడుగుద్దండి."

మాస్టారు దాన్ని మూఢనమ్మకం అనలేదు. గోతివైపు, పక్కనే భార్య సుసన్నా రాయివైపు చూశాడు.

"ఆ బోదె వచ్చేదాకా నాకొక పనుంది," అన్నాడు. "నా రాయి మీద ఏం రాయాలో తేల్చుకోవాలి. ఇక్కడ ఎవరెవరు ఏం రాయించారో చూద్దాం, రా."

"గొయ్యి వదిలి రాకూడదండి."

"కనపడేంత దూరంలోనే తిరుగుదాం."

చిన్నప్ప గునపాన్నీ పారనీ గోతి మూతికి అడ్డంగా పరిచాడు. నాలుగడుగులకి ఒకసారి వెనక్కి చూసుకుంటూ ఆయన వెంట నడిచాడు.

దొరల రాళ్ళ దగ్గర మాస్టారు వంగి, కర్రతో నాచు గీకి ఇంగ్లీషు చదివాడు. "ఇతను నిద్రపోయాడట. కలరా రోజుల్లో వచ్చినవాడు, పాపం, నిద్రెక్కడిది." ఇంకో రాయి. "ఈ మిషనమ్మగారిని ఇంటికి పిలిచారట. చూశావా, ప్రవీణ్ మాట కొత్తదేం కాదు."

"మెల్లిగా చదవండి మాస్టారండీ."

"ఎవరు లేస్తారని?"

తెలుగు రాళ్ళ దగ్గర గొంతు ఇంకా పెద్దదైంది. క్లాసులో పాఠం చెప్పే గొంతు. "ప్రభువునందు నిద్రించిరి. మహిమలో ప్రవేశించిరి. పరమ విశ్రాంతి పొందిరి. ఈయన పరుగు ముగించాడట." ఆయన చదివిన ప్రతి మాటకీ చిన్నప్ప ఒళ్ళు జలదరిస్తోంది. ఈ రాళ్ళ చుట్టూ గడ్డి కోశాడు, సున్నం కొట్టాడు. అవి మాట్లాడతాయని ఇంతకుముందు తెలియదు. చదువు రాకపోవడం ఎంత చల్లని నీడో ఇప్పుడు తెలుస్తోంది. తోటలో డబ్బా మోగింది. చిన్నప్ప ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. గునపం గోతి మీదే ఉంది.

"సుసన్నా రాయి మీద నేనేం రాయించానో తెలుసా?" అన్నాడు మాస్టారు నడుస్తూనే. "విశ్రాంతిలో ఉన్నది, అని. నేనే ఎంచిన మాట. ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలిపాను. విశ్రాంతి అన్నాక లేవాలి కదా మనిషి."

"అవునండి," అన్నాడు చిన్నప్ప.

గోడ వారన, మామిడికొమ్మ నీడలో, నేలలోకి సగం దిగిపోయిన చిన్న నాపరాయి ఉంది. దాని అంచు అరిగి నున్నగా మెరుస్తోంది. మాస్టారు దాటి వెళ్ళబోయి ఆగాడు. కర్ర పక్కన పెట్టి, కష్టంగా మోకాళ్ళ మీద కూర్చుని, జేబురుమాలుతో మట్టి తుడిచాడు. ఉలి పట్టడం రానివాడెవడో చెక్కిన అక్షరాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆయన వాటి మీద వేలు జరుపుతూ వెళ్ళాడు.

"ఏముందండీ?"

"మా ఎస్తేరు. చచ్చిపోయింది."

"మాస్టారండీ!"

"అంతే ఉంది. తారీఖు లేదు, వచనం లేదు. ఎవరి బిడ్డో."

చిన్నప్ప నున్నటి అంచువైపు చూస్తున్నాడు. "దీని మీదేనండి నేను కొడవలి నూరేది. నాకు తెలీదండి. ఉత్త రాయనుకున్నానండి."

"నీకేం తెలుస్తుంది," అన్నాడు మాస్టారు మెత్తగా. తుడిచిన అక్షరాల మీద మళ్ళీ ఒకసారి రుమాలు ఆనించి తీశాడు. "ఊరంతటికీ పాఠాలు చెప్పాను. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు."

లేవడానికి చిన్నప్ప భుజం పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన బరువు లేడు. దానికి కూడా చిన్నప్పకి భయం వేసింది. అంత తేలికైన మనుషుల్ని అతను గోతిలోకి దించేటప్పుడే ఎరుగును.

తిరిగి గోతి దగ్గరికి వచ్చేసరికి మాస్టారి పెదవులు నీలంగా ఉన్నాయి. సుసన్నా సమాధి గట్టు మీద కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాడు.

"డాక్టరు ఏమన్నాడో చెప్పనా? ఇంటికి తీసుకెళ్ళండి, అన్నాడు. మా మేనకోడలు సంతోషపడింది. నయమైందనుకుంది. దానికి ఇంకా చెప్పలేదు నేను."

చిన్నప్ప అర్థం చేసుకుని తల దించుకున్నాడు.

మాస్టారు ఎడమచెయ్యి చాపాడు. మణికట్టుకి ఆసుపత్రివాళ్ళు వేసిన ప్లాస్టిక్ పట్టీ ఉంది. "దీన్ని తెంపు. ఇంట్లో కత్తెర దొరకలేదు. ఇది ఉన్నంతసేపూ మంచం మీదున్నట్టే ఉంది."

గట్టు పక్కనున్న గడ్డికొడవలి మొన పట్టీ కిందికి పోనిచ్చి, చర్మానికి తగలకుండా చిన్నప్ప తెంపాడు. మాస్టారు దాన్ని తీసి పక్కన రాతి మీద పెట్టాడు. మణికట్టు రుద్దుకున్నాడు. తర్వాత కర్ర ఊతంగా గోతిమీదికి వంగి, లోపలికి చూస్తూ అన్నాడు, క్లాసులో పిల్లలు పలికినట్టు, స్పష్టంగా:

"చార్లెస్. హాజరు."

"అయ్యో, ఏంటండీ ఆ పని!" చిన్నప్ప ఆయన్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.

"నా పేరు చెప్పి తవ్వించారు. నేనొచ్చి పలికాను. ఇక ఇది ఇంకెవర్నీ అడగదు. అరటి బోదె వద్దు, ఏమీ వద్దు. పైన రేకులు కప్పి ఉంచు. జోజమ్మ పేరు దీనికి తెలియదు. విన్నావా?"

చిన్నప్ప విన్నాడు. ఛాతీలో పొద్దుటినుంచీ బిగుసుకుని ఉన్నదేదో ఒక్క వేలెడు సడలింది. అలా సడలినందుకు ఆయన మొహం చూడలేకపోయాడు.

అప్పుడు ఫోన్ మోగింది. లేయా. చెట్ల కింద మాట తెగిపోతోంది. "వినపడట్లేదమ్మా, ఉండు," అంటూ గేటు దాకా పరిగెత్తాడు. తెరిచిన గొయ్యిని వదిలి వెళుతున్నానన్న సంగతి తట్టలేదు.

అవతల లేయా ఏడుస్తోంది.

"నాన్నా... అయిపోయింది నాన్నా..."

గేటు చువ్వ పట్టుకున్నాడు. అది కాలుతోంది. వదల్లేదు. రోడ్డు మీద మామిడికాయల లోడు లారీ ఒకటి హారన్ కొడుతూ వెళ్ళింది. ఆ దుమ్ములో అతనికి జోజమ్మ చేతిలో నీళ్ళ చెంబు కనపడింది. పెద్దదా, చిన్నదా అని ఇక ఎవరూ అడగరు. నేలమీద కూర్చుండిపోయాడు.

"నాన్నా? వింటున్నావా? ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడే డాక్టరుగారు బయటికొచ్చి చెప్పారు. అమ్మ బానే ఉందంట. రేపు చూపిస్తారంట. నాన్నా?"

ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. "అయిపోయింది అంటావేంటే? ఆపరేషన్ అని ముందు చెప్పాలి కదే! చదువుకున్నదానివి!"

"ఆపరేషన్ గురించే కదా నాన్నా పొద్దుటినుంచీ..."

"ఏడుస్తూ చెప్తారా ఎవరైనా?"

"సంతోషం వచ్చి ఏడ్చాను. అరవకు." తనూ ఏడుస్తూ నవ్వుతోంది. "అన్నం తిన్నావా?"

తినలేదు. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, కుళాయి దగ్గర దోసిటితో నీళ్ళు తాగి, వెనక్కి నడిచాడు. నడుస్తూనే మొదలుపెట్టాడు.

"మాస్టారండీ, గండం గడిచిందండి! ఆ పిల్ల నా ప్రాణం తీసేసిందండి, అయిపోయింది అనేసి ఊరుకుంది. మీరే చెప్పాలండి దానికి, మీ దగ్గరేగా చదువుకుంది. రేపు చూపిస్తారంటండి. పొద్దున్నే బస్సుకెళతానండి. గోతికి రేకులు ఇప్పుడే తెచ్చి కప్పేస్తానండి."

మాస్టారు గట్టు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ కర్ర పిడి మీద, గడ్డం చేతుల మీద. కళ్ళు సగం తెరిచి గోతివైపు చూస్తున్నాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. దాన్ని ఆయన సర్దుకోలేదు.

"మాస్టారండీ."

చిన్నప్పకి తెలిసిపోయింది. ఆ నిశ్చలత్వం అతనికి తెలియనిది కాదు. ఎందర్నో భుజాలు పట్టి దించిన చేతులతో ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. కళ్ళజోడు తీసి ఆయన జేబులోనే పెట్టాడు. కనురెప్పలు మూశాడు. ఆయన ఒరిగిపోకుండా పక్కన కూర్చుని భుజం ఆనించాడు. శవమంటే అతనికి ఎప్పుడూ భయం లేదు. ఇప్పుడు వేస్తున్న భయం వేరు. లేయా మాట చెప్పగానే తన గుండె ఎంత పైకి లేచిందో గుర్తొస్తోంది. ఆ లేచిన క్షణం, ఈయన ఆగిన క్షణం ఒకటేనేమో. అడగడానికి ఎవరూ లేరు.

ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, రెండో చేత్తో ప్రవీణ్‌కి ఫోన్ కలిపాడు. చెట్ల కింద మాట అటూఇటూ తెగుతోంది.

"ఆ చిన్నప్పా, బోదె దొరికింది, ఆటో ఎక్కిస్తున్నా. మాస్టారు అక్కడే ఉన్నారా? వాళ్ళ మేనకోడలు ఇల్లంతా వెతుకుతోంది."

"మాస్టారు వెళ్ళిపోయారండి."

"హమ్మయ్య. ఇంటికెళ్ళిపోయారా? ఎండలో ఈయనొకడు. సరే, ఆమెకి చెప్తాను."

"కాదండి."

"ఏంటి? వినపడట్లేదు."

పొద్దుటి ఫోనూ అదే మాట, ఇదీ అదే మాట. ఆ మేనకోడలు మళ్ళీ సంతోషపడుతుంది. గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంది. గోడ వారన తుడిచిన రాయి తెల్లగా కనపడుతోంది. ఆ మాటకి చెవులున్నా సరే, పిలిస్తే పలికినా సరే.

"చచ్చిపోయారండి," అన్నాడు. "మాస్టారు చచ్చిపోయారండి. ఇక్కడే, అమ్మగారి దగ్గర కూర్చునే."

చిన్నప్ప ఆయన్ని ఇంకాస్త దగ్గరికి ఆనించుకున్నాడు.

"బోదె వద్దండి. మనుషుల్ని పంపండి."

వాళ్ళు ప్రవీణ్ కారులోనే వచ్చారు. మేనకోడలు గేటు దగ్గరనుంచే అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆయన్ని ఎత్తి, కర్ర పక్కనే పెట్టి, ఇంటికి తీసుకెళ్ళారు. కారు దుమ్ము అణిగాక చిన్నప్ప గోతి దగ్గరికి వచ్చాడు. రేపు ఉదయం మాస్టారిని దించేదాకా ఇక్కడే ఉండాలి. గట్టు మీద, ఆయన కూర్చున్న చోటికి కాస్త పక్కన, తెంపిన ప్లాస్టిక్ పట్టీ ఉంది. దాన్ని తీసి ఎవరికివ్వాలో తెలియక ముట్టుకోలేదు. ఎండకి వేడెక్కిన రాతి మీద కూడా అది తిన్నగా కాలేదు. మణికట్టు గుండ్రటి వంపు దానిలో ఇంకా అలాగే ఉంది.